బదనిక

ప్రశ్న రెండు మార్కులది:
ఆర్కిడ్ అనే పేరుకు అర్థమేమి?

కావలి కాలేజీలో పద్నాలుగేళ్లుగా
ఆ మాట దగ్గర నా చాక్‌పీసు విరుగుతుంది.
"గ్రీకు పదం. కొన్నిటికి నేలలో
జంటగా దుంపలుంటాయి కాబట్టి..."
అని, దుంపల దగ్గరే ఆగిపోతాను.
వెనక బెంచీకి మిగతాది ఎలాగూ తెలుసు.
ముందు బెంచీ ఆడపిల్లలు
నోటుబుక్కులో తల దూర్చి నవ్వు దాచుకుంటారు.
ఎవడో తవ్వి చూశాడు, పేరు పెట్టాడు.
తల ఎత్తి ఉంటే పువ్వు కనపడేది.

మొన్న పిల్లల్ని ఉదయగిరి దుర్గం ఎక్కించాను.
సగం దారికే నీళ్ల సీసాలు ఖాళీ.
ముందు తుపాకుల వెంగమ్మ,
నడుముకు చెక్కిన చిన్న కత్తి, కాళ్లకు చెప్పుల్లేవు.
నేరేడు కొమ్మ చంకలో
తోలుపట్టీల్లాంటి ఆకులు,
గాల్లో వేలాడే తెల్లటి వేళ్లు,
గోధుమరంగు గళ్ల రేకులు, మధ్యన ఊదా నాలుక.
"వాండా," అన్నాను పిల్లలతో.
"బదనిక," అంది వెంగమ్మ.

ఆ మాట నాకు కొత్త కాదు.
మా వదిన వాళ్ల అక్కతో ఫోన్లో
గొంతు తగ్గించి వాడే మాట.
అన్న ఇంట్లో మేడమీద గది.
ఒకటో తారీఖున కవర్లో అద్దె పెట్టిస్తాను,
ఆమె రెండుసార్లు లెక్కపెట్టి బీరువాలో దాస్తుంది.
అయినా బదనికే.

"చెట్టు రసం తాగుతుంది గదా ఇది?" అడిగాను,
జవాబు తెలిసీ.
వెంగమ్మ కత్తిమొనతో ఒక వేరు ఎత్తి చూపింది.
"యాడ తాగుద్దమ్మా? లోపలికి పోలా చూడు.
బెరడు పట్టుకోనుండాది, అంతే.
మంచు తాగి బతుకుద్ది.
తాగేది ఇంకోటుండాది, ఎర్రపూలది, మామిడి మీద.
దాని పేరూ బదనికే.
పెట్టినోళ్లు కిందనించి చూసుంటారు."

"మేడమ్, దీనికి దుంపలేవి?"
"లేవు."
"మరి ఆ పేరు?"
"ఇంటిపేరు లాంటిది నాయనా,
ఎవరికో ఉన్నదాన్ని అందరికీ తగిలించారు."
రేషన్ కార్డులో నాకింకా ఆయనదే ఉంది.
అది పాఠంలో లేదు గనక చెప్పలేదు.

రాత్రి పేపర్లు దిద్దుతున్నాను.
కింద కుక్కర్ కూత, వదిన ఫోను.
కొండాపురం కుర్రాడొకడు రాశాడు:
"అర్థం మేడం సగంలో ఆపేశారు.
కానీ ఆ పువ్వుకు వాసన ఉంది.
అది అసలు చెప్పనే లేదు."

రెండుకు రెండు వేశాను.
కిటికీ తీసి కాసేపు కూర్చున్నాను.