మూడో ఛానెల్

ఫైర్‌వైర్ తీగ ఎవరి దగ్గరా లేదని
గవర్నర్‌పేటలో ఐదు కొట్లవాళ్లు చెప్పాక
గుంటూరు బస్సెక్కాను.

మస్తాన్‌వలి స్టూడియో గోడలకి ఇంకా
గోనెపట్టాలు, కోడిగుడ్ల అట్టలు.
"పెట్టె పదహారేళ్లది. కొత్త కంప్యూటర్లు దీన్ని గుర్తుపట్టవు.
ఆ పాత లాప్‌టాప్ కూడా పట్టుకుపో,
వీటి భాష వీటికే తెలుసు."

గెయిన్ తిప్పితే గరగర.
"మిరపఘాటు నాయనా. యార్డు సీజన్లో
దీనికీ గొంతు పట్టేసుద్ది."
తొమ్మిది వేలన్నాడు.
గరగరకి ఐదొందలు, వెలగని ఎర్రదీపానికి వెయ్యి
తనే తగ్గించాడు.
తీగ ఊరికే ఇచ్చాడు.

మూడో నాబ్ పక్కన
గోళ్లరంగు చుక్క.
ఏంటన్నాను. వైర్లు చుడుతూనే చెప్పాడు:
"రాహేలమ్మది. బుర్రకథలో వంత.
అక్కడికంటే పెంచితే ఊపిరి వినబడుద్ది,
తగ్గిస్తే మనిషే వినబడదు."
ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

కృష్ణలంకలో నా గదికి వచ్చేవి
ఎన్నికల ఆటో ప్రచారాలు,
బట్టల కొట్టు ఆషాఢం తగ్గింపులు,
మైకు లేకపోయినా వారధి దాకా వినబడే గొంతులు.
చుక్క దాకా వెళ్లే పని
ఆ నాబ్‌కి ఎప్పుడూ పడలేదు.
స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది.
తుడవలేదు.

రాత్రి రెండింటికి, గూడ్సుబండి కృష్ణ దాటాక,
ఒక్కోసారి చుక్క దాకా తిప్పి
హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను.
ఫ్యాను.
గోడవతల పసిబిడ్డ గుక్క.
వాటి అడుగున
సన్నగా, ఒకే శ్రుతిలో ఏదో.

ఎర్తింగ్ సరిగ్గా లేదు, తెలుసు.
రేపు చూద్దాంలే.