మెట్ల పక్క మూడో చెక్క

ముందు కూర్చో యాస్నా.
ఏడో నెలలో ఈ వల్పరైసో కొండ
నూట నలభై మెట్లెక్కి వచ్చావు.
ఆ కొనాల్సినవాటి చిట్టా ఇటివ్వు,
సగం కొట్టేస్తాను.
నవ్వకు, పెన్సిలివ్వు.

మూలలకి మెత్తలు ఎందుకే?
కింద సైకిళ్ళ కొట్టు ఒనోఫ్రే
చిల్లుపడ్డ ట్యూబులు ఊరికే ఇస్తాడు.
జానెడు ముక్క కోసి, నిలువునా చీల్చి
బల్ల అంచుకి తొడుగు.
మా అమారో నుదురు రెండుసార్లు పరీక్షించింది,
రెండుసార్లూ నుదురే గెలిచింది.

దడేల్‌మనే తలుపుకి
చిరిగిన బనీను పీలిక చాలు.
ఈ పిడి నుంచి ఆ పిడికి, గడియ నాలుక మీదుగా కట్టు.
గాలి ఎంత విసిరికొట్టినా
గుసగుసగా మూసుకుంటుంది.

తలుపు కింద సందుకి జీన్సు కాలొకటి,
నిండా పాత గుడ్డలు, రెండు కొసలా ముడి.
జూలైలో సముద్రం మీంచి వచ్చే చలి
గడప దగ్గరే ఆగిపోతుంది.
మావాడు దానికి బొత్తాల కళ్ళు కుట్టించుకున్నాడు.
ఇప్పుడది పాము.
పేరుందట, నాకు చెప్పడు.

రంగంటావా,
రేవులో మిగిలిన డబ్బాలు నిబాల్దో తెస్తాడు,
బయట రేకులకి మాత్రమే సుమా.
మా ఇల్లు ఒకవైపు టగ్‌బోటు ఎరుపు,
ఎరుపు అయిపోయిన చోటినుంచి ఆకుపచ్చ.
లోపలి పాత పెచ్చులు మాత్రం నువ్వు గీకకు.
ఆ కాలపు రంగుల్లో సీసం ఉంటుంది.
తెలిసినవాళ్ళని పిలువు,
చిట్టాలో ఇది కొట్టెయ్యను.

బీరువా!
దాన్ని మరిచేపోయాను.
మనది ఊగే నేల.
నిబాల్దో తన పెళ్ళినాటి తోలు బెల్టుని
రెండు స్క్రూలతో గోడకి బిగించాడు.
పలకకి కాదు, వెనకున్న కట్టెకి.
వేలితో తట్టుకుంటూ పో,
బోలుగా మోగడం ఆగిన చోట ఉంటుంది.
మొన్న మార్చిలో ఊగినప్పుడు
పళ్ళేలు రాలాయి,
బీరువా బెల్టు పట్టుకుని నిలబడింది,
తను ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు.

ఇక నేల.
చంటిది పుట్టిన కొత్తలో
ఎక్కడ అడుగేసినా కిర్రుమనేది,
కిర్రుమంటే లేచేది.
పాపకి వద్దన్నారని పక్కన పడేసిన పౌడరుని
చెక్కల సందుల్లో చల్లి
పాత బ్రష్షుతో లోపలికి తోశాం.
ఒక్క ఆదివారం.
ఇల్లు మూగదైపోయింది.

మొదటి రాత్రి ఒళ్ళెరగని నిద్ర.
రెండో రాత్రి ఎందుకో మూడుసార్లు లేచాను.
నాలుగో రాత్రి
మెట్ల అంచున అమారో,
చీకట్లో, పాముని ఒళ్ళో వేసుకుని
రేవు దీపాలు లెక్కపెడుతున్నాడు.
"వీటిలో నాన్న క్రేనేది?"
ఎప్పుడు లేచాడో, ఎంతసేపయిందో
ఏ చెక్కా చెప్పలేదు.

మర్నాడు నిబాల్దో నిద్రపోలేదు.
పాత మంచం పట్టీలతో మెట్లకి తడికె కట్టి
గోడకి గట్టిగా బిగించాడు.
తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని
మూడో చెక్క సందులోంచి
పౌడరంతా సూదితో తోడాడు.
అరగంట.
లేచి అడుగేశాడు.
కిర్ర్.
ఇంకోసారి వేశాడు.

ఇప్పుడు రాత్రి డ్యూటీ దిగి
తెల్లారగట్ల ఐదింటికి వస్తాడు,
బూట్లు చేత పట్టుకుని
అన్ని చెక్కల మీదా పిల్లిలా నడిచి
దానిమీద మాత్రం కావాలని బరువేస్తాడు.
నేను కళ్ళు తెరవను,
కాస్త పక్కకి జరుగుతాను.

డబ్బాలో సగం మిగిలింది, పట్టుకెళ్ళు.
చల్లేముందు మీ ఇంట్లో
ఓ రాత్రి ఊరికే పడుకుని విను.

నీ పెన్సిలా?
ఇందాకే మావాడు పాము నోట్లో పెట్టేశాడు.
రేపు పంపిస్తాలే.