ఏడో నంబరు పడవ

పుట్టింది అచ్చులో.
ఫైబరు, జిగురు, రెండు రోజుల ఎండ.
కువైటులో కంటైనరు దిగిననాడు
దాని కడుపులో ఒక ప్లాస్టిక్ సంచీ,
సంచీలో దాని పూర్వకథ.

మూడొందల ఏళ్ళ కిందట
నల్లముత్యం కోసం వెళ్ళిన నౌఖుదా
తుపానులో చిక్కాడట.
మనుషులు పోయారు,
పడవొక్కటే ఒడ్డు వెతుక్కుంటూ వచ్చిందట.
నాలుగు భాషల్లో రాశారు. మనదాంట్లో లేదు.
జగిత్యాల పెంటయ్య హిందీలో చదువుకొని
"పడవకేం, మంచిగనే వచ్చింది" అన్నాడు.

దాన్ని ముసలిదాన్ని చెయ్యడం నా పని.

సూపర్‌వైజరు రొడెల్ ఫోనులో బొమ్మలు చూపించాడు:
ఇక్కడ పగులు, ఇక్కడ తుప్పు, ఇక్కడ నాచు.
స్పాంజితో ఉప్పుమరకలు అద్దాను.
అణియానికి చెదలు పట్టించాను.
జిగురుతో చేసిన గుల్లలు
నీటిగీతకి పైన అంటించమన్నాడు, కనబడాలి కదా అని.
గుల్లలు అక్కడ బతకవని చెప్పడానికి
నా ఇంగ్లీషు చాల్లేదు.
అంటించాను.

చెక్కల మధ్య మేకులు గియ్యమన్నప్పుడు మాత్రం
చెయ్యి మాట వినలేదు.
కుట్లు వేసింది.
మా తాత ఓలేటి గంగన్న
భైరవపాలెం ఒడ్డున వేసిన కుట్లు,
కొబ్బరితాడు లోపల్నుంచి బయటికి, మళ్ళీ లోపలికి.
"మేకు అలకి ఎదురు మాటాడుద్ది రా,
తాడయితే సర్దుకుపోద్ది" అనేవాడు.
రొడెల్ వెనక్కి నిలబడి చూసి
బొటనవేలు పైకెత్తాడు.

ఇప్పుడది రోజుకి నూట పది తుపాన్లు దాటుతుంది.
మోకాటిలోతు నీళ్ళు, కింద పట్టాలు,
ఉరుము ముందొచ్చి మెరుపు తర్వాత వస్తుంది
(రిపేరుకి రాసి ఎనిమిది నెలలు).
టీ కప్పుల మీద ఉంది, పిల్లల బనియన్ల మీద ఉంది.
ఐదో రింగు రోడ్డు మీద హోర్డింగులో
ఒక్కో కుట్టూ నా చెయ్యంత.
క్యాంపు బస్సు దాని కిందనుంచే పోతుంది.
పక్క సీటువాడికి చెబుదామనుకుంటాను,
అప్పటికే నిద్రపోతుంటాడు.

"ఎంత దూరం పోద్ది నాన్నా?" అని ఫోనులో నా కూతురు.
రెండొందల మీటర్లమ్మా.
ఎక్కినచోటే దింపేస్తుంది.

రంజాను నెల, మధ్యాహ్నం, జనం లేరు.
మనవడి చెయ్యి పట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు.
నేను నీళ్ళలో దిగి సెన్సరు తుడుస్తున్నాను.
ఆయన ఎక్కలేదు. వంగి
కుట్టు వెంబడి వేలు నడిపించాడు,
ఒకటి, రెండు, మూడు, వంపు దాకా.
"కౌన్ సియా?" అన్నాడు, పాత బొంబాయి హిందీలో.
రంగేనయ్యా, తాడు కాదన్నాను.
తెలుసన్నట్టు తల ఊపాడు.
వాళ్ళ నాన్న పడవ మేకులదట,
కుట్టుపడవలు ఆయనకి ముందుతరం వాళ్ళవట.
ఆ నడక తను చూడలేదట, విన్నాడట.
తర్వాత నీటిగీత పైన వేలు పెట్టి
"ఇది మాత్రం తప్పు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది.
మనవడు లాగితే ఎక్కాడు,
ముందు సీట్లన్నీ ఖాళీగా ఉన్నా
అమరంలో కూర్చున్నాడు.
గుహలోకి మలుపు తిరిగేటప్పుడు చూశాను,
ఒక చెయ్యి వెనక్కి చాచి
లేని చుక్కానిని పట్టుకున్నాడు.

ఆ రాత్రి డ్యూటీ దిగేముందు
పై వరసలోంచి ఒక గుల్ల ఊడదీసి
జేబులో వేసుకున్నాను.
రేపు ఇంకోటి.
రొడెల్ ఇంకా లెక్క చూడలేదు.