దిగడం

శుక్రవారం పాఠం మాత్రం పొద్దు వాలకముందే అయిపోవాలి.
ఓఫ్రా పెట్టిన షరతు అదొక్కటే.
జీతం బేరమాడలేదు. కాఫీ మాత్రం చేదు.

సైనిక్‌పురిలో నాలుగో అంతస్తు.
లిఫ్టుకి అంటించిన "పని చేయడం లేదు" అన్న కాగితం
నేనొచ్చిన మొదటిరోజు నుంచీ మానకుండా పని చేస్తోంది.

నోగాకి పదేళ్ళు. తార్నాకలో పుట్టింది.
బండి ర ఎందుకని అడుగుతుంది, నాకూ తెలీదు.
బళ్ళో తెలుగు తప్పనిసరి,
అందుకే ఈ ఇంట్లో నాకో కుర్చీ.
ఒత్తులు బాగానే కుదురుతాయి గానీ
తండ్రి పక్కన కూర్చున్నాడంటే చాలు
పేజీ కుడి అంచు నుంచి మొదలుపెడుతుంది.
నేనేమీ అనను.
పాతబస్తీలో ప్రతి దుకాణం బోర్డూ అంతే కదా,
ఒక వరస ఇటునుంచి, ఒక వరస అటునుంచి,
మధ్యలో గడియారాలు బాగుచేసే మనిషి.

ఆ రోజు క్రియాపదాలు. ఎక్కు. దిగు.
వంటింట్లో ఓఫ్రా నవ్వింది, నవ్వు లాంటిదేదో.
సగం హిందీ, సగం చేతులతో చెప్పింది:
మా భాషలో ఆ దేశానికి పోవడం ఎక్కడం.
వదిలి రావడం దిగడం.
మామగారు పోయేదాకా మా పేర్లు పలకలేదు,
దిగిపోయినవాళ్ళు అనేవాడు.
ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నట్టు
ఆ మాటని కాసేపు నాలుక మీదే ఉంచుకుంది.

అమ్నోన్ డ్రిప్పు పైపుల ఇంజనీరు.
రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చి పద్నాలుగేళ్ళు.
జహీరాబాద్ చెరకు, గజ్వేల్ మిరప,
చుక్క చుక్కగా ఉండిపోయాడు.
ఇంకొక్క పంట చూసి వస్తానంటాడు
ఏటేటా, తల్లితో, ఫోన్లో.

ఆ ఫోన్లోనే వాళ్ళ ఊరి సైరనూ ఉంది. తీసేయలేదు.
షష్ఠీ విభక్తి మధ్యలో అరిచిందొకసారి.
ముగ్గురూ గోడ వైపు చూశారు,
గోడకి నా గొడుగు తప్ప ఏమీ లేదు.
కింద పాలబ్బాయి స్కూటర్‌కి స్టాండు వేస్తున్నాడు.
నోగా క్షణాలు లెక్కపెట్టింది, తెలుగులో,
డెబ్భై తొమ్మిది దగ్గర తడబడింది, ఎప్పుడూ అక్కడే.
తర్వాత నాయనమ్మ ఫోన్ చేసింది, బాగానే ఉన్నానని.
ఆ చప్పుడుకి అవతలి వైపున
ఎవరి నాయనమ్మ ఉందో, ఎవరికి ఫోన్ చేసిందో
నేను అడగలేదు.
అమ్నోన్ ఫోన్ బోర్లా పెట్టాడు.

ఈ సంగతి నోగానే చెప్పింది, పుస్తకం అడ్డం పెట్టుకుని:
నాన్న జామకాయలకి బర్కస్ వెళ్ళాడట.
లుంగీ కట్టిన పెద్దాయన, తాతలది యెమెన్ అట,
మొహం చూసి మీదెక్కడ అన్నాడట.
సనా, అన్నాడట నాన్న.
రెండో ప్రశ్న రాలేదు,
కిలో మీద రెండు కాయలు ఎక్కువ పడ్డాయి.
తిరిగొచ్చేటప్పుడు దారంతా నాన్న మాట్లాడలేదు.
"సనా వాళ్ళ నాయనమ్మది. నాన్నది కాదు. అబద్ధమే కదా టీచర్?"

ఎర్ర పెన్ను మూత పెట్టి తీసి పెట్టి
"కాదే, ఒక స్టాపు ముందు దిగాడు, అంతే" అన్నాను.

అన్నాక తట్టింది. వంటింటికి వినపడేలా చెప్పాను:
మా భాషలో దిగడమంటే పోవడం కాదమ్మా.
ఊరినుంచి మనిషి వస్తే గుమ్మంలోనే అడుగుతాం,
పెట్టె కింద పెట్టకముందే, మంచినీళ్ళ కన్నా ముందే,
ఎప్పుడు దిగారు? అని.

అగ్గిపుల్ల గీయబోతూ ఆగింది ఓఫ్రా.
ఇక్కడందరూ ఎప్పుడు వెళ్తారనే అడిగారు, అంది.
మొదటిరోజు నేనూ అదే అడిగాను.
జీతం లెక్క చూసుకోవడానికి.

రెండు కొవ్వొత్తులు వెలిగాయి. నేను చెప్పులు వెతుక్కున్నాను.
సొంతవాక్యం చూసి వెళ్ళమని నోటుబుక్కు తెచ్చింది నోగా:

"మా లిఫ్టు ఎక్కదు. దిగదు.
మేము మెట్ల మీద ఉన్నాము."

దిద్దడానికి ఏమీ దొరకలేదు.
టిక్కు పెట్టి నాలుగంతస్తులూ దిగాను.