నాలుగు పళ్ళ తరగతి

విజయనగరం పశువుల ఆసుపత్రి వెనక మైదానంలో
సున్నంతో గీసిన వలయం.
నా పని రాయడం.
జడ్జి గారు చెప్పిన అంకె, చెప్పిన గడిలో.

ఇక్కడిదాకా రావాలంటే ఒక పొట్టేలు
మెంటాడలో మొదటి మూడింట్లో నిలబడాలి,
టీకా కాగితం ఉండాలి, చెవికి పసుపు బిళ్ళ ఉండాలి,
బిళ్ళ మీది అంకె కాగితం మీది అంకెతో కలవాలి.
పొద్దున్న ఒకాయన్ని వెనక్కి పంపేశాం,
ఏడు ఒకటిలా కనబడిందని.

యడ్ల గౌరీసు తెచ్చింది ఎర్రమట్టి రంగుది.
రాత్రే కుంకుడు రసంతో కడిగాడట,
తెల్లారి వ్యానులో పక్కనున్న గేదె
తోకతో మళ్ళీ రంగేసిందట.
ఫారం కోసం పేరడిగాను.
"పేరేటమ్మా, రా అంటే వొచ్చేస్తాది."
గడి ఖాళీగా వదిలేశాను.

ఇక్కడ వయసు పుట్టినరోజుతో కాదు, పళ్ళతో.
రెండు పళ్ళవి ముందు, తరవాత నాలుగు, తరవాత ఆరు,
నోరు నిండినవి ఎండ ముదిరాక.
జడ్జి గారు పెదవి ఎత్తి చూస్తారు:
కింది పళ్ళు పై చిగురు అంచుకి సరిగ్గా ఆనాలి.
వెనక్కెళ్ళి కాళ్ళ మధ్య దూరం చూస్తారు,
మొహమాటం లేకుండా వృషణాలు రెండూ తడిమి పోలుస్తారు,
చివరికి వెన్ను మీద అరచెయ్యి ఆనించి
కళ్ళు మూసుకుంటారు.
అప్పుడు నా పెన్ను కూడా ఆగుతుంది.

"ముందుకాలు కాస్త లోపలికి," అన్నారు. రెండో స్థానం.
మొదటిది బొబ్బిలి వైపుది, నల్లది.
నేలకి శిస్తు కట్టినట్టు నడిచింది.
గౌరీసు రిబ్బను అందుకుని, మడిచి,
చెవి మీద బీడీ పక్కన దోపుకున్నాడు.
రెండోవాడికి ఇంక పని లేదనుకున్నాడు.
నేనూ అనుకున్నాను.

మధ్యాహ్నం, తరగతుల్లో గెలిచినవన్నీ ఒకే వలయంలో.
జడ్జి గారి చెయ్యి నల్లదాని మీద పడింది: ఛాంపియన్.
డప్పు మోగింది. ఒక మేకపిల్ల బెదిరి సున్నం గీత చెరిపేసింది.
నా చేతిలో నిబంధనల కాగితం గాలికి లేచింది:
ఛాంపియన్ ఏ తరగతిదో ఆ తరగతిలో రెండోది
ఖాళీ అయిన చోటుకి రావాలి,
మిగిలినవాటితో ఉప ఛాంపియన్‌కి నిలబడాలి.

మైకులో మూడుసార్లు పిలిచారు.
నేను పరిగెత్తాను.
గేటు బయట, చెరుకురసం బండి నీడలో
బేరగాడి అరచెయ్యి దాని వెన్ను మీద ఉంది.
అదే చోటు. అంతే ఒత్తిడి.
వాడూ కళ్ళు మూసుకునే ఉన్నాడు.
"పద్దెనిమిది కిలోలు తెగుతాది," అన్నాడు.
గౌరీసు మొలలో అప్పటికే బయానా, రెండు అయిదువందల నోట్లు.

"రండి, మిమ్మల్ని పిలుస్తున్నారు."
"అయిపోనాదన్నారు గదమ్మా?"
"మీదాన్ని ఓడించింది గెలిచింది. అందుకని."
అతనికి ఎంత అర్థమయిందో తెలీదు,
చెప్పిన నాకే సగం వింతగా ఉంది.
నోట్లు తిరిగివ్వబోతే బేరగాడు పుచ్చుకోలేదు.
"ఉంచు బావూ. గెలిస్తే మళ్ళీ మాటాడుకుందాం."
వాడూ మా వెనకే వచ్చి
వెదురు కంచె మీద మోచేతులు ఆనించాడు.

ఇప్పుడు వలయంలో నాలుగు.
గౌరీసు వంగి, లోపలికి తిరిగే ఆ ముందుకాలిని
తన మోకాలితో మెల్లగా సర్దుతున్నాడు.
జడ్జి గారు వరస మొదట్నుంచి మళ్ళీ మొదలెట్టారు,
ఆయన చెయ్యి ఇంకా రెండు వెన్నుల దూరంలో ఉంది.
పక్కనుంచి మైకు ఆయన అడుగుతున్నాడు, పేరేం చదవాలని.
"రా," అన్నాడు గౌరీసు, ఊరికే, దాని చెవిలో.
అది తలెత్తింది.
గడిలో అదే రాశాను.