గురువారంలోగా

గురువారంలోగా చెప్పమన్నాడు రాషిద్ అల్ షంసీ.
రెండింటికీ డబ్బు కట్టలేం, ఒకటే కొందాం.
షార్జాలో శుక్రవారం సెలవు,
దాని ముందు రోజు ఏ ప్రశ్నైనా బరువే.

ఒకటి, పని ఒప్పజెప్పి పడుకుంటే
తెల్లారేసరికి తానే కోడ్ రాసి, తానే పరీక్ష పెట్టుకుని
తానే పాసై వచ్చేది.
దాని పేరు ఏజెంటు.
ఇంకొకటి, నా పక్కనే కూచుని
నేను సగం రాసిన వాక్యానికి
బూడిద రంగులో మిగతా సగం చూపించేది.
ట్యాబ్ నొక్కితే నల్లబడుతుంది. నాదైపోతుంది.

ఏజెంటు అన్న మాట మా ఇంట్లో గొంతు తగ్గించి పలుకుతారు.
మెట్‌పల్లి బస్టాండు వెనక మేడమీద
మా బాపు పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని
"నువ్వు నిమ్మలంగ ఉండు, అంత నేను జూసుకుంట" అన్నవాడు ఏజెంటు.
చూసుకున్నాడు.
దుకాణంలో కొలువన్నాడు, ఒంటెల దొడ్డికాడ దించాడు.
కాయితాల్లో మాత్రం ఒక్క తప్పు లేదు.

కనక నేను పక్షపాతినే. ముందే ఒప్పుకుంటున్నా.

నెల రోజులు రెండూ ఊరికే ఇచ్చారు, వాడి చూడమని.
మాది జీతాల లెక్కలు రాసే ఆఫీసు,
పదకొండు క్యాంపులు, నాలుగు వేల పైచిలుకు మనుషులు.
ఎండాకాలం పన్నెండున్నర నుంచి మూడు దాకా
బయట పని బంద్.
ఆ రెండున్నర గంటలకి కోత వెయ్యొద్దని
నాకు ముందు ఈ కుర్చీలో కూచున్న ఎవరో
ఒక వంకర షరతు రాసి పోయారు.
ఎందుకో చెప్పలేదు.
గోడకి కొట్టి మరిచిపోయిన మేకులా ఉంటుంది.

ఏజెంటు ఒక రాత్రి ఇల్లంతా ఊడ్చింది.
నలభై ఒక్క ఫైళ్ళు. పరీక్షలన్నీ పచ్చ.
చివర వినయంగా ఒక చీటీ:
అవసరం లేని షరతు ఒకటి తీసేశాను.
గోడ నున్నగా ఉంది.

అది నేను పట్టుకున్నాను.
కరక్ చాయ్ మీద మీగడ కట్టేదాకా
ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివి, మేకు మళ్ళీ కొట్టి,
చూశారా, చూశారా అని ఆఫీసంతా తిరిగాను.

రెండు వారాలకి గంగమల్లు ఫోను.
సజా క్యాంపులో పరంజా కట్టే మనిషి,
వేళ్ళ కణుపుల మీద నెలంతా దాచుకుంటాడు.
"బిడ్డా, నూటపది దిర్హాములు తక్కువొచ్చినయ్.
నా లెక్క తప్పా, మీ మిషిను తప్పా?"

వెతికాను. ఏజెంటు ముట్టని ఫైలు.
రాత్రి తొమ్మిదింటికి నేనే, నా చేత్తో,
ఓవర్‌టైం లెక్క మారుస్తుంటే
బూడిద వాక్యం వచ్చింది.
అచ్చం నేను రాయబోయేదానిలాగే ఉంది.
ఎడమ చిటికెన వేలు నొక్కేసింది.
పక్కన కూచున్నవాణ్ణి ఎవరు అనుమానిస్తారు?
రాసినవారు అన్న చోట నా పేరే.

"మిషిను కాదు పెద్దబాపూ, నేనే."
అవతల కాసేపు ఏసీ చప్పుడు.
"గట్లనా. అయితే వస్తయ్ తియ్యి" అన్నాడు.
మిషిను మింగినవి రావని అతని అనుభవం.

బుధవారం రాత్రి.
కిటికీ బయట సగం లేచిన టవరు, క్రేను కొసన ఎర్ర దీపం.
ఫారంలో రెండు గడులు.
ఏజెంటుకే టిక్కు పెట్టాను.
దాన్ని నమ్మను, అందుకు.
నాకు నిద్ర పట్టనియ్యదు, అందుకు.
కింద గీత మీద రాశాను:
జీతాల ఫోల్డరు తాళం దానికి ఇవ్వం.

బాపుకి చెబితే ఫోన్లో చాలాసేపు దగ్గాడు.
నవ్వే అనుకుంటా.
"మల్లా ఏజెంటేనా?
సంతకం వెట్టే ముందల అంత సదివినవా?"

చదువుతున్నా బాపూ.
ఇంకా పదిహేడు ఫైళ్ళున్నాయి.