చుక్క లెక్క

అనంతపురం చీనీ మండీలో
ఇరవై రెండేండ్లుగా నా నాలుకే తక్కెడ.
కుప్పకొక కాయ కోస్తా, తొన చప్పరిస్తా,
టన్ను ధర చెప్తా.

మొన్న చల్లనీళ్లు తాగితే
పండ్లు జివ్వుమన్యాయి.

"పులుపు తినేసింది చిన్నోబులేసూ,
పైపెంకు పల్చబడింది" అనె డాక్టరమ్మ రిజ్వానా.
పూత పూస్తానంది.
ఏం పూతమ్మా?
ఫ్లోరైడ్.

కుర్చీలోంచి సగం లేచినా.

మా ఊరి బోరుకి ఎర్రరంగు కొట్టింది ఆ పేరు మీదనే.
నవ్వొస్తే మా అక్క కొంగు అడ్డం పెట్టుకునేది దానికే.
మా చిన్నాయన కూర్చుంటే లేవలేక
గోడ పట్టుకునేది దానికే.

ఆమె నవ్వలా.
సన్న బ్రష్షు కొసన
వడ్లగింజంత జిగురు చూపించింది.
"అది బిందెల లెక్క, ఇది చుక్క లెక్క."

తూకం సంగతి నాకొకరు చెప్పాల్నా.
నోరు తెరిచినా.

మండీకొస్తే గార్లదిన్నె లోడు దిగుతా ఉంది.
కాయ కోసి, తొన గుమస్తా పిల్లోని చేతిలో పెట్టినా.
ఎట్లుందిరా?

వాడు కండ్లు మూసుకుని చప్పరిస్తాంటే
నేను నాలుకతో పండ్లు తడుముకున్నా.
బంక తగిలింది.
చిన్నప్పటి బోరునీళ్ల రుచి కోసం
మూలమూలా వెతికినా,
దొరకలా.

అప్పుడు గూడా
దానికి రుచి ల్యాకుండె.